అవుట్‌కాస్ట్‌లో బిగ్ బాయ్ వాటా

2025 నవంబరు 8వ తేదీ రాత్రి లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సభలో, పేరొందిన సంగీతకారులకు స్థానమిచ్చి గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అట్లాంటా హిప్‌హాప్ జంట అవుట్‌కాస్ట్‌ను చేర్చారు. ఆండ్రే 3000, బిగ్ బాయ్ ఇద్దరూ వేదిక ఎక్కారు, ఇద్దరూ మాట్లాడారు. పాటల వంతు వచ్చేసరికి మాత్రం ఆ జంటలో బిగ్ బాయ్ ఒక్కడే మిగిలాడు. జెనెల్ మొనే, కిల్లర్ మైక్, స్లీపీ బ్రౌన్ వంటివారు అతనికి తోడుగా నిలిచారు. ఆండ్రే పాడలేదు.

మర్నాడు ఆదివారం. అట్లాంటా ఉత్తర శివార్లలో ఉండే తెలుగువాళ్ళం ఏటా కార్తీకమాసంలో ఏదో ఒక పార్కులో కలిసి వనభోజనాలు చేస్తాం. అక్కడ పులిహోర వడ్డిస్తున్న బల్ల దగ్గర ఒక కుర్రాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, సంగీతం శ్రద్ధగా వినేవాడు, రాత్రి సభ సంగతి ఎత్తాడు. "అసలు మనిషి పాడనే లేదు కదా అంకుల్, ఇంక అందులో చూడ్డానికేముంది?" అన్నాడు. అతను ఆ మాటను దురుసుగా అనలేదు. అందరికీ తెలిసిన విషయాన్ని గుర్తుచేస్తున్నట్టు మామూలుగా అన్నాడు. నన్ను అంతగా ఇబ్బంది పెట్టింది కూడా అదే. ఆండ్రే అసలు మనిషి అనీ, బిగ్ బాయ్ పక్కవాద్యం అనీ ఎవరూ వాదించి నెగ్గలేదు, అయినా ఆ అభిప్రాయం నెగ్గినంత గట్టిగా స్థిరపడిపోయింది. అది తప్పని నేను నమ్ముతున్నాను. అక్కడ ఆకుల ముందు కూర్చుని చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

ఆ కుర్రాడిని తప్పుపట్టే అధికారం నాకు పెద్దగా లేదు, ఎందుకంటే చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. 2003 ఆగస్టులో చదువు కోసం అట్లాంటాలో దిగాను. సెప్టెంబరులో 'హే యా' విడుదలైంది. డిసెంబరులో అది అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరి తొమ్మిది వారాలు అక్కడే ఉంది. నలుగురం కలిసి కొన్న పాత కారులో రేడియో పెడితే ఆ పాటే, కిరాణా దుకాణంలోకి వెళ్తే ఆ పాటే. ఆకుపచ్చ బట్టలు వేసుకుని గిటారు పట్టుకున్న ఆ మనిషే అవుట్‌కాస్ట్ అని అనుకున్నాను. రెండో మనిషి ఉన్నాడని తెలిసింది గాని, అతను ఏం చేస్తాడో తెలుసుకోవాలన్న ఆసక్తి కలగలేదు. వాళ్ళ ఆల్బంలను మొదటి నుంచి వరసగా వినడానికి నాకు మరో నాలుగైదేళ్ళు పట్టింది. అలా విన్న తర్వాతే నా అభిప్రాయం మారింది.

ఆండ్రే అసలు పేరు ఆండ్రే బెంజమిన్, బిగ్ బాయ్ అసలు పేరు ఆంట్వాన్ ప్యాటన్. ఇద్దరూ 1975లో పుట్టారు. ఆండ్రే అట్లాంటావాడు, ఆంట్వాన్ సముద్రతీరంలోని సవాన్నాలో పుట్టి తర్వాత అట్లాంటాకు వచ్చినవాడు. పదహారేళ్ళ వయసులో లెనాక్స్ స్క్వేర్ మాల్‌లో ఒకరికొకరు పరిచయమయ్యారు. ఇద్దరూ ఈస్ట్ పాయింట్‌లోని ట్రై-సిటీస్ హైస్కూల్లో చదివారు. మనవాళ్ళలో చాలామందికి ఈస్ట్ పాయింట్ అనే ఊరు ఉందని కూడా తెలియదు, కానీ విమానాశ్రయానికి ఆనుకుని ఉన్న ఊళ్ళలో అదొకటి. ఇండియాకు వెళ్ళే ప్రతిసారీ, వచ్చే ప్రతిసారీ మనం దాని పక్కనుంచే పోతాం. మొదట వాళ్ళు పెట్టుకుందామనుకున్న పేర్లు అప్పటికే వేరేవాళ్ళు వాడుకుంటున్నారని తెలిసి, నిఘంటువు తిరగేసి, వెలివేయబడినవాడు అనే అర్థమున్న మాటను తీసుకుని దాని స్పెల్లింగు మార్చుకున్నారు.

ఆ ఊళ్ళోనే సౌందర్య సామగ్రి అమ్మే ఒక దుకాణంలో రికో వేడ్ అనే యువకుడు పనిచేసేవాడు. ఈ ఇద్దరూ ఆ దుకాణం బయట, కారు స్టీరియోలో మరొకరి పాట తాలూకు వాయిద్యం మాత్రం పెట్టుకుని, దాని మీద ఆపకుండా ఒకరి తర్వాత ఒకరు ర్యాప్ చేసి అతనికి వినిపించారు. రికో వేడ్, రే మరే, స్లీపీ బ్రౌన్ కలిసి ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే పేరుతో సంగీతం కూర్చేవారు. లేక్‌వుడ్ హైట్స్‌లో రికో వేడ్ తల్లి ఇంటి కింద, జార్జియా ఎర్రమట్టి ఇంకా బయటికి కనిపిస్తున్న ఒక నేలమాళిగలో వాళ్ళ పరికరాలు ఉండేవి. దానికి డంజన్ అని పేరు పెట్టుకున్నారు. అవుట్‌కాస్ట్, గూడీ మాబ్ అనే మరో ర్యాప్ బృందం రెండూ అక్కడ తయారైనవే. టీఎల్‌సీ అనే గాయనీమణుల బృందం పాడిన 'వాటర్‌ఫాల్స్'కు సంగీతం కూర్చినది కూడా ఈ ముగ్గురే. 2024 ఏప్రిల్‌లో రికో వేడ్ పోయినప్పుడు ఈ నగరం ఒక రాజకీయ నాయకుడి మరణానికి మించి బాధపడటం నేను చూశాను.

ఎల్.ఎ. రీడ్, బేబీఫేస్ అట్లాంటాలో నడిపిన లాఫేస్ రికార్డ్స్ 1993లో క్రిస్మస్ పాటల సంకలనం ఒకటి తెచ్చింది. అందులో ఒక పాట చేయమని ఈ పిల్లలను అడిగారు. అలా పుట్టిన 'ప్లేయర్స్ బాల్' ర్యాప్ పట్టికలో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1994 ఏప్రిల్‌లో మొదటి ఆల్బం వచ్చింది. అప్పటికి ఇద్దరికీ ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆ ఆల్బంలో ఏ చరణం ఎవరిదో కొత్తగా వినేవారికి తేడా తెలియడం కష్టం. ఇద్దరి గొంతులోనూ అదే కుర్రతనం, అదే దక్షిణాది సాగదీత, అవే కార్లు, అవే వీధులు. ఆండ్రే మేధావి అనీ బిగ్ బాయ్ వీధి మనిషి అనీ తర్వాత అందరూ చెప్పుకున్న విభజన అక్కడ ఇంకా పుట్టలేదు.

ఆ తర్వాత జరిగిన సంఘటనను ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు గొంతు పట్టేస్తుంది. 1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో సోర్స్ అనే హిప్‌హాప్ పత్రిక అవార్డుల సభ జరిగింది. హిప్‌హాప్ పుట్టిన ఊరు అది. తూర్పు తీరం వాళ్ళూ పడమటి తీరం వాళ్ళూ ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటున్న సమయం అది. దక్షిణాదివాళ్ళకు కూడా ఈ కళ వస్తుందన్న ఊహే అక్కడ చాలామందికి లేదు. ఉత్తమ కొత్త ర్యాప్ బృందంగా అవుట్‌కాస్ట్ పేరు చదవగానే సభ గోల చేసి వెక్కిరించింది. ఆ గోల మధ్య బిగ్ బాయ్ ముందుగా మైకు దగ్గర నిలబడి, న్యూయార్క్‌వాళ్ళకు మర్యాదగా నమస్కారం చెప్పి, మాట్లాడవలసిన నాలుగు మాటలు మాట్లాడాడు. తర్వాత ఆండ్రే, మూసుకుపోయిన మనసులతో విసిగిపోయామని చెప్పి, దక్షిణాదికి చెప్పాల్సింది ఒకటుందని ప్రకటించి దిగిపోయాడు.

ఆండ్రే చెప్పిన ఆ వాక్యం చరిత్రలో నిలిచింది, నిలవాలి కూడా. నేను శ్రీకాకుళం జిల్లా నుంచి విజయవాడ హాస్టలుకు చదువుకోవడానికి వెళ్ళినప్పుడు, నోరు తెరిస్తే నవ్వే గదిలో రెండేళ్ళు గడిపాను. మా యాస సినిమాల్లో వంటవాడికో నవ్వించే పాత్రకో తప్ప ఇంకెవరికీ పెట్టని రోజులవి. ఆ హాస్టలు గదిలో నేను నేర్చుకున్నది మౌనం. అందువల్ల వెక్కిరించే సభలో నిలబడి ఆ మాట అన్నవాడి మీద నాకున్న గౌరవం ఎప్పటికీ తగ్గదు. అయితే ఆ రోజు వీడియో చూసినవాళ్ళు ఒకటి గమనించాలి. గోల ఉద్ధృతంగా ఉన్నప్పుడు మొదట దానికి ఎదురుగా నిలబడి, తొణకకుండా, సభామర్యాద తప్పకుండా మాట్లాడినవాడు బిగ్ బాయ్. ఆ నిబ్బరం పక్కన ఉండగా ఆండ్రే తన వాక్యం చెప్పాడు. ఈ జంట పనిచేసిన తీరంతా నాకు ఆ రెండు మూడు నిమిషాల్లోనే కనిపిస్తుంది.

1996లో వచ్చిన రెండో ఆల్బం 'ఏటీలియన్స్' నాటికి ఇద్దరి దారులు బయటికి కూడా వేరుగా కనిపించడం మొదలైంది. ఆండ్రే తాగుడూ పొగా మానేశాడు, మాంసం మానేశాడు, తలపాగా చుట్టాడు. బిగ్ బాయ్ తండ్రి అయ్యాడు. అతని మొదటి కూతురు 1995లో పుట్టింది. 'ఎలివేటర్స్' అనే పాటకు ఇద్దరూ తామే సంగీతం కూర్చుకున్నారు. అందులో ఆండ్రే చివరి చరణం ప్రసిద్ధమైనది. పేరు వచ్చాక బడిలో తెలిసినవాడొకడు ఎదురై, నీకేం, డబ్బులో మునిగితేలుతున్నావు అన్నట్టు మాట్లాడితే, నువ్వు జీతం నుంచి జీతానికి బతికినట్టే నేను పాట నుంచి పాటకు బతుకుతున్నాను, నా పాటకు నీ కాలు కదలకపోతే నాకు తిండి లేదు అని జవాబు చెబుతాడు. ఆ చరణం గొప్పదే. కానీ దానికి ముందు బిగ్ బాయ్ చరణాలు ఆ కుర్రాళ్ళు ఏ బస్సు ఎక్కి, ఏ కూడలిలో దిగి, ఎక్కడ నిలబడి పాడి పైకి వచ్చారో అట్లాంటా పటం గీసినట్టు చెప్పి ఉంచకపోతే, ఆండ్రే జవాబుకు నిలబడే చోటు ఉండదు.

1998 సెప్టెంబరులో వచ్చిన 'అక్వెమినై' దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా వాదనకు ప్రధాన సాక్ష్యం అదే. ఆ పేరే జంట పేరు. బిగ్ బాయ్ పుట్టిన కుంభరాశికి, ఆండ్రే పుట్టిన మిథునరాశికి ఇంగ్లీషులో ఉన్న పేర్లను సంధి చేసి ఆ మాట తయారు చేశారు. మూడేళ్ళ క్రితం వాళ్ళను వెక్కిరించిన సభను నిర్వహించిన సోర్స్ పత్రికే ఆ ఆల్బంకు తన అత్యున్నత కొలత అయిన అయిదు మైకులు ఇచ్చింది.

అందులో 'స్పాటీ ఆటీ డోపలీషియస్' అనే ఏడు నిమిషాల పాట ఉంది. నెమ్మదిగా నడిచే బాకాల వరస ఒకటి దానికి ప్రాణం. ఆ బాకాల కోసమే చాలామంది దాన్ని గుర్తుపెట్టుకుంటారు. పాటలో ర్యాప్ లేదు, ఇద్దరూ కథ చెప్పినట్టు మాట్లాడతారు. మొదట ఆండ్రే ఒక రాత్రి క్లబ్బును వర్ణిస్తాడు. చెవిలో ఒక అమ్మాయి గుసగుస, రెండో చెవిలో పాట, తెల్లవారుజామున మూడింటికి గొడవ, ఆంబులెన్సు. చూపు చాలా సూక్ష్మమైనది, కానీ అది తలుపు దగ్గర నిలబడి చూసినవాడి చూపు. తర్వాత బిగ్ బాయ్ మొదలుపెడతాడు. అదే క్లబ్బులో కలిసిన అమ్మాయిని ప్రేమించడం, ఇల్లు, బిడ్డ, బాధ్యత. మత్తుమందు అమ్మిన డబ్బుతో బిడ్డను పోషించడం జూదం కనుక మానేసి ఉద్యోగానికి వెళ్తే, పార్సిల్ కంపెనీవాళ్ళూ పోస్టాఫీసువాళ్ళూ మూత్ర పరీక్షలో తప్పాడని తిరిగి పిలవరు. అతను మళ్ళీ పాత పనిలోకే జారిపోతాడు. ఆ మత్తుమందు అమ్మే చోటుకు అట్లాంటాలో వాడే 'ట్రాప్' అనే మాటకు బోను అని అర్థం. బిగ్ బాయ్ ఆ మాటను ఒకసారి ఊరి వాడుకగా అని, వెంటనే బోనులో పడినవాడి స్థితిగా తిప్పి చెప్పి, దీన్ని కాసేపు ఊరనివ్వండి అని ఆగిపోతాడు. తర్వాతి పదేళ్ళలో అట్లాంటా సంగీతంలో ఒక శాఖకే ఆ మాట పేరయింది. అదేమీ లేని రోజుల్లో, ఆ మాటలో ఉన్న పేదరికాన్నీ చట్టాన్నీ తండ్రి భయాన్నీ నాలుగు వాక్యాల్లో చెప్పినవాడు, అందరూ ఆలోచన తక్కువ అనుకునే బిగ్ బాయ్. ఆ చరణం తర్వాత బాకాలు తిరిగి మోగినప్పుడు అవి వేడుకలా వినిపించవు.

అదే ఆల్బంలో ఇద్దరూ చెరొక అమ్మాయి కథ చెప్పే పాట కూడా ఉంది. ఆండ్రే చెప్పిన సాషా థంపర్ కథను అందరూ తలుచుకుంటారు. పెద్దయ్యాక ఏమవుతావని చిన్నప్పుడు అడిగితే బతికి ఉంటాను అని జవాబిచ్చిన అమ్మాయి ఆమె. ఆ చరణానికి సాటి రాగలవి ఈ కళలో చాలా తక్కువ. అది బిగ్ బాయ్ చరణం కంటే మెరుగని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నా వాదన ఇద్దరూ ప్రతి చోటా సమానమని కాదు. ఆండ్రే చరణం అంత లోతుగా దిగడానికి, దానికి ముందు బిగ్ బాయ్ చరణం తేలికగా, కొంటెగా, శరీరాల గురించి మాత్రమే మాట్లాడుతూ వెళ్ళిపోవడం కారణమని అంటున్నాను. విన్నవాడు ఇంకా చిరునవ్వు ముఖంతో ఉండగానే రెండో కథ వచ్చి తాకుతుంది. ఆ వరసను తారుమారు చేసి వినండి, పాట బలం సగం పోతుంది.

పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. తాళం వేసుకుంటూ విన్నవాళ్ళకు బిగ్ బాయ్ ఏం చేస్తాడో వెంటనే తెలుస్తుంది. అతని మాట దరువు మీద కూర్చోదు. దరువుకు వెంట్రుకవాసి ముందో వెనకో నడుస్తూ, ఉన్నట్టుండి మూడేసి అక్షరాల నడకలోకి దిగి, ఊపిరి ఎక్కడ పీల్చాడో తెలియనివ్వకుండా నాలుగు వరసలు పరిగెత్తి, చివరకు సరిగ్గా ఎత్తుకున్న చోటికి వచ్చి ఆగుతుంది. పక్కన ఎవరు ఏ పోకడ పోయినా చెదరని లయ అది. ఆండ్రే తరచుగా లయను సాగదీస్తాడు, పాటలోకి జారుతాడు, వాక్యాన్ని వరస మధ్యలో విరుస్తాడు. లయను అంత గట్టిగా పట్టుకున్నవాడు పక్కన ఉన్నందువల్ల అవి పొరపాట్లుగా కాక విన్యాసాలుగా వినిపిస్తాయి. ఇది నా సొంత ఊహ మాత్రమే కాదు. 2019లో సంగీత నిర్మాత రిక్ రూబిన్‌తో మాట్లాడుతూ ఆండ్రేనే, ర్యాప్‌లో బిగ్ బాయ్ తనకంటే మెరుగని ఎప్పుడూ అనుకునేవాణ్ణని, పోటీకి ఒకణ్ణి తీసుకెళ్ళాలంటే తనను కాదు, అతణ్ణే తీసుకెళ్ళాలని చెప్పాడు. వినయం కొద్దీ అన్న మాటగా దాన్ని తోసేయడం సులభం. పదహారేళ్ళ వయసు నుంచి ఆ గొంతు పక్కన నిలబడినవాడి సాక్ష్యంగా నేను దాన్ని తీసుకుంటాను.

2000 అక్టోబరు 31న 'స్టాంకోనియా' వచ్చింది. అప్పటికి ఇద్దరూ కలిసి సొంతంగా ఒక స్టూడియో కొనుక్కుని దానికి అదే పేరు పెట్టారు. నిమిషానికి 155 దరువుల వేగంతో పరుగెత్తే 'బి.ఓ.బి.'లో మోరిస్ బ్రౌన్ కళాశాల భక్తిగీతాల బృందం గొంతులు, గిటారు, డోలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఇద్దరూ ఆ వేగాన్ని అందుకుని పాడతారు. 2001 ఫిబ్రవరిలో మొదటి స్థానానికి చేరిన 'మిస్ జాక్సన్' మాత్రం వేరే రకం పాట. విడిపోయిన సహచరి తల్లికి క్షమాపణ చెప్పుకునే పాట అది. ఆండ్రేకూ గాయని ఎరికా బాడూకూ ఉన్న బంధం, వాళ్ళ కొడుకు, ఆమె తల్లి దాని వెనక ఉన్నారు. అందరికీ గుర్తుండేది పల్లవిలోని క్షమాపణ, వాతావరణాన్ని ముందే చెప్పలేమన్న ఆండ్రే ఉపమానం. బిగ్ బాయ్ చరణాల్లో ఉన్నది కోపం. తనను బిడ్డకు దూరం చేస్తున్నారన్న కోపం, బిల్లులు కట్టినా దోషిగా చూస్తున్నారన్న కోపం, కోర్టుకు వెళ్ళవలసి వస్తుందన్న బెదిరింపు. కుటుంబం చీలినప్పుడు ఇంట్లో వినిపించేవి ఈ రెండు గొంతులే. క్షమాపణ ఒక్కటే ఉంటే అది మంచివాడనిపించుకోవడానికి రాసిన పాట అయ్యేది. కోపం ఒక్కటే ఉంటే ఎవరూ రెండోసారి వినేవారు కాదు.

ఇక 2003 నాటి జంట ఆల్బం. ఆండ్రేను అసలు మనిషి అనేవాళ్ళందరూ దాన్నే చూపిస్తారు. రెండు డిస్కులు: బిగ్ బాయ్‌ది 'స్పీకర్‌బాక్స్', ఆండ్రేది 'ది లవ్ బిలో'. ఆండ్రే ఒంటరిగా ఒక ఆల్బం మొదలుపెట్టాడు, బిగ్ బాయ్ కూడా తన సొంత ఆల్బం మీద పనిచేశాడు, చివరకు రెండింటినీ కలిపి అవుట్‌కాస్ట్ పేరుతో విడుదల చేశారు. అది కోటి లెక్కకు చేరిన ఆల్బంలకు అమెరికాలో ఇచ్చే డైమండ్ గుర్తింపు పొందింది, 2004 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బం అయింది. 'హే యా'ను ఆండ్రే దాదాపు ఒంటి చేత్తో చేశాడన్నది నిజం. ఆ పాటలో బిగ్ బాయ్ వాటా ఏమీ లేదు. ఇక్కడ నా వాదన బలహీనపడుతుందని అనుకునేవారి కోసం మూడు విషయాలు చెబుతాను.

'హే యా'ను మొదటి స్థానం నుంచి దింపిన పాట మరెవరిదో కాదు, బిగ్ బాయ్ స్లీపీ బ్రౌన్‌తో కలిసి చేసిన 'ద వే యూ మూవ్'. రెండు పాటలూ జంటగా విడుదలై, జంటగా పట్టిక ఎక్కి, 2004 ఫిబ్రవరిలో ఒకదాని స్థానంలోకి మరొకటి వచ్చింది. ఇక గీతలు గీసి విడగొట్టామనుకున్న డిస్కుల్లో కూడా జంట పని ఆగలేదు. బిగ్ బాయ్ డిస్కులోని 'ఘెట్టో మ్యూజిక్'కు సంగీతం కూర్చినది ఆండ్రే. ఆండ్రే డిస్కులో బాగా నిలబడిన 'రోజెస్'లో బిగ్ బాయ్ చరణం వచ్చేదాకా పాట ఒకే ఫిర్యాదును తిప్పి తిప్పి చెబుతూ ఉంటుంది. మూడో విషయం చాలామంది మరిచిపోయారు. ఆండ్రే అప్పటికే ఊరూరా తిరిగి పాడటం మానేశాడు. ఆ ఏటి ఉత్తమ ఆల్బంను జనం ముందుకు తీసుకెళ్ళే పని బిగ్ బాయ్ ఒక్కడి భుజాల మీద పడింది, అతను వెళ్ళి పాడాడు. ఒకరు ఇంట్లో కూర్చుని తన మనసును వెతుక్కోగలిగిన ఆ సంవత్సరాల్లో, అవుట్‌కాస్ట్ అనే పేరు వేదికల మీద సజీవంగా ఉన్నది రెండోవాడి వల్ల.

విన్నవాడిగా నా తీర్పు కూడా చెప్పాలి. 'ది లవ్ బిలో'లో మెరుపులున్నాయి, వాటి మధ్య ఎవరైనా ఆపి ఉంటే బాగుండేదనిపించే నిమిషాలు కూడా చాలా ఉన్నాయి. 'స్పీకర్‌బాక్స్' మొదటి నుంచి చివరి దాకా బిగువుగా ఉంటుంది గాని, మనల్ని ఉలిక్కిపడేలా చేసే పోకడ అందులో తక్కువ. ఒక్కో డిస్కు లోపానికి మందు ఎదుటి డిస్కులోనే ఉంది. ఒకే గదిలో కూర్చుని చేసిన 'అక్వెమినై'లో ఈ రెండు లోపాల్లో ఏదీ లేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 2006లో 1930ల నాటి జార్జియాలో జరిగే ఒక సినిమా, దానితో పాటు అదే పేరుతో 'ఐడిల్‌వైల్డ్' ఆల్బం వచ్చాయి. అదే ఇద్దరి చివరి ఆల్బం. 2014లో ఏప్రిల్‌లో కోచెల్లాతో మొదలుపెట్టి నలభైకి పైగా ఉత్సవాల్లో కలిసి పాడారు. సెప్టెంబరులో అట్లాంటాలోని సెంటెనియల్ ఒలింపిక్ పార్కులో మూడు రాత్రులు పాడారు. అందులో ఒక రాత్రి నేనూ ఆ జనంలో ఉన్నాను. ఆ రాత్రి నా దృష్టి మొదటిసారిగా ఎడమ పక్కకో కుడి పక్కకో పోకుండా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ మీద నిలిచింది. ఒకరు ముగించే చోట రెండోవారు ఎత్తుకునే ఆ క్షణం కోసం ఎదురుచూశాను. ఒకరినొకరు చూసుకోకుండానే ఎత్తుకున్నారు.

బిగ్ బాయ్ సొంత ఆల్బం 'సర్ లూషియస్ లెఫ్ట్ ఫుట్' 2010 జులైలో వచ్చింది. అది ఏళ్ళ తరబడి కంపెనీల మధ్య నలిగింది. అతను జైవ్ నుంచి డెఫ్ జామ్‌కు మారినప్పుడు, తమ ఒప్పందంలో ఉన్న ఆండ్రే గొంతు ఆ ఆల్బంలో వినిపించడానికి జైవ్ ఒప్పుకోలేదు. అంటే ఆ ఇద్దరూ పాడాలనుకున్నప్పుడు కూడా పాడనివ్వని కాగితాలు అడ్డుపడ్డాయి. అయినా ఆ ఆల్బం ఆ ఏడాది వచ్చిన మంచి ర్యాప్ ఆల్బంలలో ఒకటి. వినని వాళ్ళు దానితో మొదలుపెడితే, బిగ్ బాయ్ పక్కవాద్యం అనే మాట ఒక్క గంటలో పోతుంది. వీధి మనిషి అన్న ముద్ర సంగతి కూడా చూడండి. బడి రోజుల నుంచి అతనికి ప్రాణమైన గాయని ఇంగ్లండుకు చెందిన కేట్ బుష్. 2023లో ఆమెను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానిస్తూ ప్రసంగించింది కూడా అతనే. జెనెల్ మొనేను, కిల్లర్ మైక్‌ను మొదటి మెట్టు ఎక్కించిన చేతుల్లో అతని చెయ్యి ఉంది. కొత్తదనం ఎక్కడున్నా పట్టుకునే చెవి అతనికి లేదని ఎలా అనగలం?

ఆండ్రే 2023 నవంబరులో 'న్యూ బ్లూ సన్' విడుదల చేశాడు. అందులో ర్యాప్ లేదు, మాటలే లేవు. అంతా వేణువులూ వాటి చుట్టూ తేలే వాయిద్యాలూ. నిజంగా ర్యాప్ ఆల్బమే చేయాలనుకున్నాను, గాలి ఇటు తీసుకొచ్చింది అన్న అర్థం వచ్చే పొడవాటి పేరు మొదటి పాటకు పెట్టాడు. పన్నెండు నిమిషాల ఇరవై సెకన్ల ఆ పాట హాట్ 100 పట్టికలోకి ఎక్కిన పాటలన్నిటిలోకీ పొడవైనదయింది. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, చూపు మందగిస్తోందనీ వైద్య పరీక్షలకు వెళ్ళాలనీ ర్యాప్ చేయమంటారా అని ఆ రోజుల్లో ఒక ఇంటర్వ్యూలో అడిగాడు. ఆ ప్రశ్నలో నిజాయితీ ఉంది. అతను తనకు రానిదాన్ని నటించకపోవడాన్ని నేను గౌరవిస్తాను, ఆ వేణువును ఇష్టంగా వింటాను కూడా. కానీ నిశ్శబ్దంలోకి వెళ్ళినవాడి నిశ్శబ్దాన్ని మేధస్సుగానూ, పాడుతూ ఉన్నవాడి పాటను మొండి అలవాటుగానూ లెక్కగట్టే తూకం నాకు ఒప్పుదల కాదు. కాళ్ళూ గొంతూ ఉన్నంతకాలం ఊరికి పాటలు వినిపించడం కూడా ఒక నిర్ణయమే. తండ్రి అయిన ఇరవై ఏళ్ళవాడు తీసుకున్న నిర్ణయాన్ని యాభై ఏళ్ళప్పుడు కూడా నిలబెట్టుకుంటున్నాడు.

తెలుగులో పద్యం చదివే మనకు ఈ సంగతి అర్థం కావడం కష్టం కాకూడదు. జంటకవుల పద్యాన్ని చదువుతూ ఏ పాదం ఎవరిదని తవ్వి, ఒకరిని కవి అని, రెండోవారిని లేఖకుడు అని తేల్చే పని మన పెద్దలు చేయలేదు. రెండు పేర్లను కలిపి ఒక్క పేరుగానే పలికారు.

వనభోజనాల మర్నాడు ఆ కుర్రాడికి 'స్పాటీ ఆటీ' లింకు పంపాను. బాకాల కోసం కాకుండా, నాలుగో నిమిషం తర్వాత మాట్లాడే గొంతు కోసం వినమని రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. "ఇది చిన్నప్పటినుంచీ వింటున్నాను అంకుల్, ఆ రెండో గొంతు ఆండ్రేదే అనుకున్నాను" అని.